గెడ్డల్లో చేరిన పరాయి చేపలు: తోకకప్పలపై వాటి ప్రభావాన్ని అంచనా వేసి, అదుపు చేసేందుకు సమగ్ర మార్గదర్శి

తొలకరి రాత్రి కొండగెడ్డ (కొండవాగు) ఒడ్డున కప్పల అరుపు హోరుగా వినిపించినంత మాత్రాన ఆ గెడ్డలో కప్పలు క్షేమంగా ఉన్నాయని నిర్ధారించుకోకూడదు. అలా అరిచేవి పెద్ద కప్పలు, అందులోనూ మగవి. అవి కొన్నేళ్ల కిందట, గెడ్డ పరిస్థితి బాగున్న రోజుల్లో పుట్టినవి కావచ్చు. బయటి నుంచి వచ్చిన చేపల దెబ్బ ఎక్కువగా తగిలేది గుడ్లకు, తోకకప్పలకు. పెద్ద కప్పలు బతికి ఉన్నంతకాలం అరుపులు వినిపిస్తూనే ఉంటాయి, కొత్త తరం మాత్రం నీళ్లలో నుంచి బయటికి రాదు. ఈ తేడాను పట్టుకోవడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. తూర్పు కనుమల్లోని గెడ్డలు, నల్లమల వాగులు, శేషాచలం కోనల వంటి చోట్ల పనిచేసే కళాశాల విద్యార్థులు, జీవవైవిధ్య యాజమాన్య కమిటీల సభ్యులు, ప్రకృతి పరిశీలకులు పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగిన పనులనే ఇందులో చెప్పాను.

మొదటి మెట్టు: హాని ఏయే దారుల్లో జరుగుతుందో తెలుసుకోండి

చేప తోకకప్పను తినడం అన్నిటికంటే సులభంగా అర్థమయ్యే హాని. ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవం మనకు బాగా పనికొస్తుంది. శాంటా మోనికా కొండల్లోని వాగుల్లో కాలిఫోర్నియా న్యూట్ అనే తోకగల ఉభయచరం ఉంటుంది. దాని ఒంట్లో టెట్రోడోటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండటం వల్ల దాన్ని తినగల జంతువులు చాలా తక్కువ. అయినా 1980లలో న్యూట్లు కనిపించిన వాగుల్లో కొన్నింట 1994 సర్వేలో అవి కనిపించలేదు. అలాంటి వాగుల్లో దోమల నివారణకు వదిలే గంబూసియా అనే చిన్న చేపలు గాని, రొయ్యను పోలిన ఎర్ర క్రేఫిష్‌లు గాని బయటి నుంచి వచ్చి చేరి ఉన్నాయి. సేథ్ గ్యామ్రాట్, లీ కాట్స్ 1996లో ప్రచురించిన పరిశోధనలో, గంబూసియాలు న్యూట్ పిల్లలను తింటాయని, క్రేఫిష్‌లు గుడ్లను కూడా వదలవని ప్రయోగాలతో చూపించారు. భారీ వర్షాలు క్రేఫిష్‌లను కొట్టుకుపోయేలా చేసిన ఒక వాగులో మరుసటి వసంతంలోనే న్యూట్లు, వాటి గుడ్లు, పిల్లలు మళ్లీ కనిపించాయి. అపకారిని తొలగిస్తే వాగు కోలుకోగలదన్న నమ్మకానికి ఇది గట్టి ఆధారం.

గంబూసియా నోరు చిన్నది కాబట్టి ఎదిగిన తోకకప్పను అది మింగలేదు. అయితే తోక అంచులను కొరుకుతుంది. తోక చినిగిన తోకకప్ప వేగంగా ఈదలేక తూనీగ పిల్లలకు, నీటిపురుగులకు సులభంగా దొరికిపోతుంది. కొరకకపోయినా, చేప ఉనికే తోకకప్పల నడవడిని మార్చేస్తుంది. అవి రాళ్ల సందుల్లో, కుళ్లిన ఆకుల కింద దాక్కుని మేత తగ్గించుకుంటాయి, దాంతో ఎదుగుదల మందగిస్తుంది. మన వాగుల్లో ఇది చిన్న విషయం కాదు. మడుగు ఎండిపోయేలోగా కాళ్లు మొలిచి గట్టెక్కలేని తోకకప్పకు మరో అవకాశం లేదు. చిన్న పరిమాణంలో గట్టెక్కిన పిల్లకప్ప బతికే అవకాశాలు కూడా తక్కువే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు కొండవాగుల్లో నివసించే మచ్చల చెట్టుకప్ప కథ మరో కోణాన్ని చూపుతుంది. అక్కడి స్థానిక చేపల మధ్య ఆ తోకకప్పలు తరతరాలుగా బతుకుతూ వచ్చాయి. వేట వినోదం కోసం వదిలిన బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ చేపలు మాత్రం వాటిని పెద్ద ఎత్తున తినేశాయని 2001లో ప్రచురితమైన గ్రేమ్ గిలెస్పీ పరిశోధన తేల్చింది. కాబట్టి గెడ్డలో చేప ఉండటమే సమస్య అనుకోవడం పొరపాటు. ఆ తోకకప్ప వంశానికి ముందెన్నడూ పరిచయం లేని చేప రావడమే సమస్య.

మూడో దారి వ్యాధులు, పరాన్నజీవులు. కార్ప్ చెరువుల రైతులకు బాగా తెలిసిన లెర్నియా అనే లంగరు పురుగు పెంపకపు చేపలతో పాటు ప్రపంచమంతా వ్యాపించింది. ఉత్తర కాలిఫోర్నియాలోని ఈల్ నది దక్షిణ పాయలో, వేసవి మామూలుకంటే వేడెక్కిన సంవత్సరాల్లో, ఇది వాగుల్లో ఉండే పసుపుకాళ్ల కప్పల పిల్లలకు సోకి, అంగవైకల్యాలతో ముడిపడి కనిపించిందని 2009లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఎగువన ఉన్న చేపల చెరువు నీరు గెడ్డలోకి పొంగిపొర్లే చోట తోకకప్పల ఒంటిని భూతద్దంతో పరిశీలించడం అందుకే అవసరం.

రెండో మెట్టు: చేపను తప్పులేకుండా గుర్తించండి

పరాయి చేప అనుకుని స్థానిక చేపను ఏరివేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అందుకే ఈ మెట్టు దాటకుండా ముందుకు పోవద్దు.

గంబూసియా ఉత్తర అమెరికా జాతి. దోమల నివారణ కోసం 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. ఆడ చేప సుమారు 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది అంతకంటే చిన్నది. బూడిద, ఆలివ్ రంగులు కలిసిన ఒళ్లు, బల్లపరుపు తల, పైకి తిరిగిన నోరు, చీలిక లేని గుండ్రటి తోక దీని గుర్తులు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. కడుపుతో ఉన్న ఆడచేప పొట్ట వెనుక భాగాన నల్లటి మచ్చ కనిపిస్తుంది. మగచేప పొట్ట కింది రెక్క సన్నని కడ్డీలా సాగి ఉంటుంది.

దీనితో పొరబడే స్థానిక చేప ఆప్లోకైలస్. అది కూడా నీటి పైపొరలోనే తిరుగుతుంది, దాని నోరు కూడా పైకే ఉంటుంది, దోమ పిల్లలను కూడా తింటుంది. అయితే దాని నెత్తిన వెండిలా మెరిసే మచ్చ ఒకటి ఉంటుంది. పైనుంచి చూస్తే నీళ్లలో ఆ మచ్చే ముందు కనబడుతుంది. మచ్చ కనిపిస్తే ఆ చేపను వదిలేయండి. తోక రెండుగా చీలి ఉన్న చిన్న చేపలు కూడా గంబూసియాలు కావు. అవి చాలావరకు మన గెడ్డల్లో సహజంగా ఉండే పరకల జాతులు.

తిలాపియాను గుర్తించడం తేలిక. వీపు పొడవునా ముళ్లున్న రెక్క ఉంటుంది, మగచేప ఇసుక అడుగున పళ్లెం ఆకారంలో గుంటలు తవ్వుతుంది, తల్లి గుడ్లను నోట్లో దాచుకుంటుంది. మొజాంబిక్ తిలాపియా 1952లో శ్రీలంక మీదుగా మన దేశానికి వచ్చింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన సొంత మార్పు చేపకు అది దగ్గరి బంధువు. తలను పైనుంచి, పక్కనుంచి స్పష్టంగా ఫోటోలు తీసి మత్స్యశాఖ అధికారులకు గాని, మత్స్య కళాశాల అధ్యాపకులకు గాని చూపించి నిర్ధారించుకోవాలి. గంబూసియా, మొజాంబిక్ తిలాపియా, రెయిన్‌బో ట్రౌట్, బ్రౌన్ ట్రౌట్ నాలుగూ ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో చోటు చేసుకున్నవే. ట్రౌట్ మన తెలుగు కొండల సమస్య కాదు. నీలగిరి, మున్నార్ ప్రాంతాల చల్లని వాగుల్లో పనిచేసేవారు దాన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

మూడో మెట్టు: పోల్చడానికి వీలైన మడుగులను ఎంచుకోండి

ఒకే మడుగును చూసి ఏమీ చెప్పలేము. పరాయి చేపలు చేరిన మడుగులు, చేరని మడుగులు రెండు రకాలూ కావాలి, ఆ చేప మినహా మిగతా పరిస్థితులు వాటిలో వీలైనంత దగ్గరగా ఉండాలి. ఇందుకు ప్రకృతి ఇచ్చిన మంచి సదుపాయం జలపాతం. దిగువ నుంచి వచ్చే చేప నిటారైన జలపాతాన్ని ఎక్కలేదు కాబట్టి, ఒకే గెడ్డలో జలపాతానికి పైనున్న మడుగులను, కిందనున్న మడుగులను పోల్చవచ్చు. అయితే పైకి పోయేకొద్దీ నీరు చల్లబడుతుంది, మడుగులు చిన్నవవుతాయి. అందుచేత పరాయి చేపలు చేరని మరో గెడ్డలో కూడా ఇలాగే పైనా కిందా చూడాలి. అక్కడ కూడా కిందికి వచ్చేకొద్దీ తోకకప్పలు తగ్గుతుంటే, తప్పు చేపది కాకపోవచ్చు.

ఒక్కో రకానికి కనీసం పది మడుగులైనా ఉంటే మంచిది. ప్రతి మడుగు పొడవు, వెడల్పు, అత్యధిక లోతు, నీటి ఉష్ణోగ్రత, చెట్ల నీడ ఎంత, అడుగున రాయా ఇసుకా ఆకుచెత్తా, ప్రవాహం ఉందా ఆగిపోయిందా అనే వివరాలు రాసుకోవాలి. రంగుతో రాయి మీద గుర్తు వేయకుండా, ఫోన్‌లో జీపీఎస్ స్థానం నమోదు చేసి, కదలని బండరాయి గాని చెట్టు గాని కనిపించేలా ఫోటో తీసుకుంటే చాలు.

నాలుగో మెట్టు: అనుమతులు, పరిశుభ్రత

అభయారణ్యంలోనైనా, రిజర్వు అడవిలోనైనా అటవీశాఖ లిఖిత అనుమతి లేకుండా వల వేయకూడదు. ఏజెన్సీ గ్రామాల్లో ముందుగా గ్రామసభతో మాట్లాడాలి. ఏ మడుగు ఎప్పుడు ఎండుతుందో, ఏ సంవత్సరం నుంచి కొత్త చేప కనబడుతోందో ఆ ఊరివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వాళ్ల పిల్లలు పట్టే చేపల పేర్లు, వాళ్లు కప్పలకు పెట్టుకున్న పేర్లు పుస్తకంలో రాసుకోండి.

ఒక గెడ్డ నుంచి మరో గెడ్డకు వెళ్లే ముందు వలలు, చెప్పులు, బకెట్లు బురద లేకుండా కడిగి, బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, మంచినీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ పని ఒడ్డుకు దూరంగా చేయాలి, ఆ నీళ్లు గెడ్డలో కలవకూడదు. కప్పలను చంపే చిట్రిడ్ శిలీంధ్రం తడి సామగ్రితో కూడా ప్రయాణించగలదు. కప్పల మేలు కోరి వెళ్లినవారే దాన్ని మోసుకెళ్లడం కంటే పెద్ద విషాదం ఉండదు. పైన కొండల్లో మబ్బు పట్టినప్పుడు గెడ్డలోకి దిగవద్దు, రాత్రిపూట ఒంటరిగా వెళ్లవద్దు.

ఐదో మెట్టు: దశలవారీగా లెక్కించండి

ఈ మార్గదర్శిలో గుండెకాయ వంటి భాగం ఇదే. కప్పలను ఒకే మొత్తంగా లెక్కించకుండా గుడ్లు, చిన్న తోకకప్పలు, వెనుక కాళ్లు మొలిచిన తోకకప్పలు, గట్టెక్కిన పిల్లకప్పలు, పెద్ద కప్పలు అని ఐదు గడులుగా విడదీసి రాయాలి. చేపలు లేని మడుగులో ఈ దశలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి, సంఖ్య సహజంగానే తగ్గుతూ వస్తుంది. గంబూసియాలు నిండిన మడుగులో పెద్ద కప్పలు, గుడ్లు ఉన్నా, కాళ్లు మొలిచిన తోకకప్పల గడి ఖాళీగా కనిపించే అవకాశం ఎక్కువ. ఆ ఖాళీ గడి ఏడాది తర్వాత ఏడాది కొనసాగితే, అరుపులు ఎంత వినిపించినా ఆ గెడ్డలో కప్పల సంతతి నిలిచిపోతోందని అర్థం.

మొదటి విడత వేసవిలో, మార్చి నుంచి మే వరకు చేయాలి. ప్రవాహం తెగి మడుగులు విడివిడిగా మిగిలిన ఆ రోజుల్లో ఏ మడుగులో ఏ చేప ఉందో తేల్చడం సులభం. మధ్యాహ్నం లోపు, నీడ నీళ్ల మీద పడకుండా నిలబడి, పది నిమిషాలు కదలకుండా పైపొరను చూడండి. గంబూసియాలు గుంపులుగా అంచుల వెంట పైకి వస్తాయి. ఆ తర్వాతే చేతివల వాడాలి.

రెండో విడత తొలకరి వానల తర్వాత రాత్రిపూట. ఒక్కో చోట అరుపులు విని, జాతులవారీగా రాసుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. పగలు అదే చోట గుడ్ల ముద్దల కోసం వెతకాలి. చెట్టుకప్ప నీటిపైకి వంగిన కొమ్మలకో, తడి బండలకో నురుగు గూడు కడుతుంది. గూడులో గుడ్లు చేపకు అందవు, తోకకప్పలు నీళ్లలోకి జారిన క్షణం నుంచే వాటికి అసలు గండం. అందుకే నురుగు గూళ్ల సంఖ్యను, వాటి కింది నీళ్లలో కొన్ని వారాల తర్వాత కనిపించే తోకకప్పల సంఖ్యను జంటగా చూడటం ఎంతో విలువైన సమాచారం ఇస్తుంది.

మూడో విడత వానలు తగ్గి నీరు తేటపడ్డాక, అక్టోబరు, నవంబరు నెలల్లో. దోమతెర గుడ్డ వంటి మెత్తని వల బిగించిన చేతివలతో ప్రతి మడుగులోనూ ఒకే సంఖ్యలో, ఒకే నిడివిలో వల లాగాలి. పెద్ద మడుగులో ఎక్కువసార్లు, చిన్న మడుగులో తక్కువసార్లు లాగితే పోలిక చెడిపోతుంది కాబట్టి వల లాగిన లెక్కకు ఎన్ని దొరికాయన్నదే రాయాలి. పట్టిన తోకకప్పలను తెల్లటి పళ్లెంలో గెడ్డ నీళ్లలోనే ఉంచి, తోక అంచు చినిగినవి ఎన్ని, నిండుగా ఉన్నవి ఎన్ని అని విడిగా లెక్కించి, వెంటనే అదే మడుగులో వదిలేయాలి. తోక చినిగిన వాటి వాటా చేపలున్న మడుగుల్లో స్పష్టంగా ఎక్కువగా ఉంటే, అది వేట ఒత్తిడికి సూచన. అయితే తూనీగ పిల్లలు కూడా తోకలు కొరుకుతాయి, అందుచేత వాటినీ లెక్కించాలి.

గోదురుకప్ప విషయంలో ఒక హెచ్చరిక. ఒంటినిండా బుడిపెలుండే ఈ కప్ప గుడ్లలో, తోకకప్పల్లో చేదు విషాలు ఉంటాయి కనుక చాలా చేపలు వాటి జోలికి పోవు. నల్లటి గోదురుకప్ప తోకకప్పలు గుంపులు గుంపులుగా కనిపించినంత మాత్రాన మడుగు బాగుందనుకోవద్దు. మిగతా జాతులు మాయమై గోదురుకప్పలు మాత్రమే మిగిలిన మడుగును ప్రత్యేకంగా గమనించాల్సిన మడుగుగా గుర్తు పెట్టుకోండి.

ఒకసారి వెళ్లి కనబడలేదంటే లేనట్టు కాదు. ఒక జాతి ఉన్నచోట ఒక్క సందర్శనలో అది కంటబడే అవకాశం సగమే అనుకుంటే, మూడుసార్లు వెళ్లినా చూడలేకపోయే అవకాశం ఎనిమిదింట ఒకటి ఉంటుంది. ప్రతి విడతలో ఒక్కో మడుగును కనీసం మూడుసార్లు చూడమని చెప్పడానికి కారణం ఇదే.

ఆరో మెట్టు: ఇతర కారణాలను పక్కకు తీయండి

పైన చెప్పిన మచ్చల చెట్టుకప్పనే తీసుకోండి. ట్రౌట్ దాన్ని దెబ్బతీసిందనేది నిజమే. న్యూసౌత్‌వేల్స్‌లోని బోగాంగ్ క్రీక్‌లో మాత్రం ఆ జాతి కుప్పకూలడానికి చిట్రిడ్ శిలీంధ్రం కారణమైంది. రెండు దెబ్బలూ ఒకే జాతికి తగలవచ్చు. తోకకప్పలకు చేప హాని చేస్తే చిన్న దశలే మాయమవుతాయి. చిట్రిడ్ సోకితే గట్టెక్కిన పిల్లకప్పలు, పెద్ద కప్పలు చచ్చిపడి కనిపించవచ్చు. ఎగువన కాఫీ, అల్లం, జీడిమామిడి తోటల్లో మందు కొట్టిన తర్వాత తోకకప్పలతో పాటు నీటిపురుగులు, రొయ్యలు కూడా ఒకేసారి చనిపోతే పురుగుమందును అనుమానించాలి. మడుగు మామూలుకంటే ముందే ఎండిపోయిన సంవత్సరపు లెక్కలను విడిగా పెట్టాలి.

ఏడో మెట్టు: తొలగింపు

చేపలే కారణమని రెండు సంవత్సరాల లెక్కలైనా చూపిన తర్వాత, సంబంధిత శాఖల అనుమతితో మాత్రమే తొలగింపు మొదలుపెట్టాలి. బ్లీచింగ్ పొడి, చేపలను మత్తెక్కించే చెట్ల బెరడు, కాయలు, పేలుడు మందు, కరెంటు తీగలు ఏవీ వాడకూడదు. అవి చట్టవిరుద్ధం, ప్రమాదకరం; పైగా మొప్పలతో శ్వాసించే తోకకప్పలను కూడా చేపలతో పాటే చంపుతాయి. ఎవరిని కాపాడాలని వచ్చామో వారినే చంపే పద్ధతి మనకు వద్దు.

సరైన కాలం ఏప్రిల్, మే నెలలు. మడుగులు విడివడి ఉన్నప్పుడు సన్నకన్ను వలతో అంచు నుంచి అంచుకు లాగి, పరాయి చేపలను తీసి, స్థానిక చేపలను, తోకకప్పలను తిరిగి వదలాలి. వానాకాలంలో చేసే ఏరివేత శ్రమ అంతా వరదపాలే. గంబూసియా ఆడచేప ఒక్కసారి జతకట్టాక వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు కాబట్టి ఒక్క ఆడచేప మిగిలినా మళ్లీ గుంపు తయారవుతుంది. వారం పది రోజుల వ్యవధితో, వరుసగా కొన్నిసార్లు వల ఖాళీగా వచ్చేదాకా లాగుతూనే ఉండాలి. పని ఎప్పుడూ పైనుంచి కిందికి సాగాలి; పైమడుగు శుభ్రపడకుండా కిందిమడుగును ఏరితే తొలి వరదకే చేపలు మళ్లీ దిగివస్తాయి.

జలపాతం కింద ఉన్న మడుగులన్నిటినీ శుభ్రం చేయడం చాలాచోట్ల సాధ్యపడదు. నా అభిప్రాయంలో అంతటా కొంచెం కొంచెం చేయడం కంటే, జలపాతం పైనున్న ఒక చిన్న పాయను పరాయి చేపలు పూర్తిగా లేకుండా చేసి నిలబెట్టుకోవడం ఎంతో మేలు. అర్జెంటీనాలోని సోముంకురా పీఠభూమిపై వాల్చెటా వాగులో ఇదే దారి పట్టారు. అక్కడి వేడి ఊటల వద్ద మాత్రమే మిగిలిన ఒక అరుదైన కప్ప కోసం రెయిన్‌బో ట్రౌట్ పైకి రాకుండా అడ్డుకట్టలు కట్టి, కప్పలను పెంచి తిరిగి వదులుతున్నారు.

ఎనిమిదో మెట్టు: చేపలు వచ్చే దారి మూయండి

గెడ్డలోకి పరాయి చేపలు సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తాయి: పొంగిన చేపల చెరువులు, అక్వేరియంలు ఖాళీ చేసేవారు, దోమల నివారణ కోసం గంబూసియాలను వదిలే కార్యక్రమాలు. మొదటి రెండింటికి ఊరివారితో మాటలు, చెరువు అలుగుకు సన్నజాలీ సరిపోతాయి.

మూడోదాన్ని ఎంతో జాగ్రత్తగా మాట్లాడాలి. ఏజెన్సీలో మలేరియా ప్రాణాలు తీసే జబ్బు. దాన్ని వ్యాప్తి చేసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ కొండవాగుల అంచుల్లోనే పెరుగుతుంది. ఆరోగ్య సిబ్బందిని నిందిస్తూ వెళితే ఎవరికీ మేలు జరగదు. మీ లెక్కలు, పటం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని, మలేరియా విభాగం వారిని కలవండి. సిమెంటు తొట్లు, వాడని బావులు వంటి మూసి ఉన్న నీళ్లకే గంబూసియాను పరిమితం చేయమని, వరద వస్తే గెడ్డలో కలిసే కుంటల్లో వదలవద్దని, చేప తప్పనిసరైన చోట అదే ప్రాంతంలో దొరికే ఆప్లోకైలస్‌ను పరిశీలించమని కోరండి. దోమతెరల పంపిణీ, ఇళ్లలో మందు పిచికారీ ఆగకూడదని మీ వినతిలోనే స్పష్టంగా రాయండి.

తొమ్మిదో మెట్టు: తర్వాతి సంవత్సరాలు

తొలగింపు తర్వాత అదే మడుగుల్లో, అవే నెలల్లో, అదే పద్ధతిలో కనీసం మూడు వానాకాలాలు లెక్కించాలి. ముందుగా చూడవలసినది కాళ్లు మొలిచిన తోకకప్పల గడి. ఏరివేత జరగని మడుగులను కూడా అదే విధంగా లెక్కిస్తూ ఉంటే తప్ప, పెరుగుదల మంచి వానల వల్లనా చేపలు పోవడం వల్లనా అన్నది తేలదు. ప్రతి సంవత్సరపు పట్టిక ఒక ప్రతిని గ్రామ జీవవైవిధ్య రిజిస్టరులో చేర్పించి, మరో ప్రతిని అటవీ రేంజి కార్యాలయానికి ఇవ్వండి. విద్యార్థులు మారినా, అధికారులు బదిలీ అయినా తర్వాత వచ్చేవారు అదే మడుగు దగ్గర, అదే వలతో లెక్క కొనసాగించడానికి ఆ పట్టికే ఆధారమవుతుంది.